మోకాలికి శస్త్రచికిత్స ఉచితం.. మళ్లీ నడిపించే చికిత్స ఎవరి ఖర్చు?

న్యూఢిల్లీ: రోడ్డు ప్రమాద బాధితుల కోసం కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం గడువు ఏడు రోజులు. ఆయుష్మాన్ భారత్ కింద ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన తర్వాత రోగికి లభించే తోడ్పాటు 15 రోజులు. బీమా నియంత్రణ సంస్థ ప్రమాణీకరించిన ‘ఆరోగ్య సంజీవని’ పాలసీలో ఈ వ్యవధి 60 రోజులు. మోకాలిలో తెగిన ప్రధాన లిగమెంటుకు శస్త్రచికిత్స చేయించుకున్న వ్యక్తి మళ్లీ మైదానంలో అడుగు పెట్టడానికి మాత్రం కనీసం తొమ్మిది నెలలు పడుతుంది. బరువులు మోసే పనికి, నిచ్చెనలు ఎక్కే పనికి తిరిగి వెళ్లాలన్నా నెలల తరబడి వేచి ఉండాల్సిందే. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే దేశ ఆరోగ్య విధానంలోని ఒక వెలితి స్పష్టంగా కనిపిస్తుంది.

శస్త్రచికిత్సకు సొమ్ము చెల్లిస్తున్న వ్యవస్థ, ఆ శస్త్రచికిత్సను ఫలవంతం చేసే ఫిజియోథెరపీని మాత్రం రోగి గడప దగ్గరే వదిలేస్తోంది. ఇదే గాయం నుంచి కోలుకున్న క్రికెటర్లు, మల్లయోధులు దేశానికి పతకాలు, కప్పులు తెస్తున్నారు. తాపీ మేస్త్రీకి, ఆటో డ్రైవరుకు, బైకుపై సరుకులు చేరవేసే యువకుడికి, జిల్లా స్థాయి కబడ్డీ క్రీడాకారిణికి మాత్రం అలా కోలుకునే మార్గం దాదాపు మూసుకుపోయి ఉంది. వైద్య విజ్ఞానం అందరికీ ఒకటే. తేడా అంతా ఆ తొమ్మిది నెలల ఖర్చు ఎవరు భరిస్తారన్న దగ్గరే వస్తోంది.

ఎక్స్‌రేకు అందని గాయం

మోకాలిని నాలుగు ప్రధాన లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. రెండు పక్కల రెండు, లోపల గుణకారపు గుర్తులా ఒకదాన్నొకటి దాటుతూ మరో రెండు ఉంటాయి. లోపలి వాటిలో ముందువైపు ఉన్నదే యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్. వాడుకలో ఏసీఎల్. కింది కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు అదుపు తప్పి మెలి తిరగకుండా కాపాడేది ఇదే. వేగంగా పరుగెత్తుతూ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు, గాల్లోకి ఎగిరి ఒంటికాలిపై దిగినప్పుడు ఇది తెగుతుంది. క్రీడల్లో జరిగే ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం ఎదుటి ఆటగాడు తాకకుండానే జరుగుతాయి. బైకు పక్కకు ఒరిగి కాలు మెలిపడినప్పుడూ ఇదే ప్రమాదం. రోడ్డు ప్రమాదాల్లో తరచూ రెండు, మూడు లిగమెంట్లు ఒకేసారి దెబ్బతింటాయి.

ఈ గాయం ఎక్స్‌రేలో కనిపించదు. నిర్ధారణకు అనుభవజ్ఞుడైన వైద్యుడి చేతి పరీక్ష, ఎంఆర్ఐ కావాలి. ‘ఎముక విరగలేదు’ అన్న మాట వినగానే చాలామంది ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతారు. తెలుగు రాష్ట్రాల్లో ఎముకలు విరిగినవారు పుత్తూరు కట్టును ఆశ్రయించడం తరతరాల అలవాటు. తెగిన ఏసీఎల్ మాత్రం ఏ కట్టుకూ దానంతట అది అతుక్కోవడం అరుదు. కొన్ని వారాల్లో వాపు తగ్గి, నడక వస్తుంది. బెణుకు తగ్గిపోయిందనుకుంటారు. ఆ తర్వాత మెట్లు దిగేటప్పుడో, పొలం గట్టు మీద తిరిగేటప్పుడో మోకాలు పట్టు తప్పడం మొదలవుతుంది. అలా పట్టు తప్పిన ప్రతిసారీ ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. ఏళ్లు గడిచేసరికి నడివయసులోనే కీళ్ల అరుగుదల మొదలవుతుంది.

2022లో దేశంలో జరిగిన 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. గాయాలను తీవ్రమైనవి, స్వల్పమైనవి అని విభజించే ఈ లెక్కలో ఎముక విరగని మోకాలి గాయం తన బరువుకు తగిన చోటు దక్కించుకోవడం కష్టం.

కోత తర్వాతే అసలు పని

పూర్తిగా తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టి అతికించరు. రోగి తొడ వెనుక కండరపు తంతువునో, మోకాలి చిప్ప కింది తంతువునో కొంత తీసి, ఎముకల్లో సొరంగాలు చేసి కొత్త లిగమెంటుగా అమరుస్తారు. ఇది ఒకటి రెండు గంటల్లో ముగిసే పని. అమర్చిన తంతువు లిగమెంటుగా మారడం మాత్రం శరీరం నెలల తరబడి చేసే పని. మొదటి కొన్ని నెలల్లో ఆ తంతువు బలపడటానికి ముందు బలహీనపడుతుంది. సరిగ్గా అదే సమయానికి నొప్పి తగ్గి, రోగికి ధీమా పెరుగుతుంది. మూడు, నాలుగు నెలలకు ‘బాగైపోయింది’ అనుకుని పనిలోకో ఆటలోకో దిగేవారికి పొంచి ఉన్న ముప్పు ఇదే.

రెండో సమస్య తొడ కండరానిది. మోకాలిలో వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరానికి నాడీ వ్యవస్థ పూర్తి ఆదేశాలు పంపదు. రోజుల వ్యవధిలోనే తొడ సన్నబడుతుంది. దాన్ని తిరిగి మేల్కొలపడానికి మందు లేదు. క్రమం తప్పని వ్యాయామమే మార్గం. అందుకే వాపు తగ్గించి, కాలు పూర్తిగా చాపగలిగేలా చేసి, కండరానికి కొంత బలం తెచ్చిన తర్వాతే శస్త్రచికిత్సకు వెళ్లడం మంచిదని నిపుణులు చెబుతారు.

శస్త్రచికిత్స తర్వాత మొదటి రెండు వారాల్లో మోకాలు నిటారుగా చాపగలగడం తొలి లక్ష్యం. ఇది సాధించలేకపోతే కుంటి నడక శాశ్వతమయ్యే ప్రమాదం ఉంది. తర్వాత చేతికర్రలు విడిచి సరైన నడక నేర్చుకోవడం, స్థిర సైకిల్ తొక్కడం, కొద్దిగా వంగి లేవడం. మూడో నెల నుంచి ఒంటికాలిపై బలం, నిలకడ. కండర బలం తగినంత వచ్చాకే పరుగు. ఆరో నెల తర్వాత గెంతడం, దిశ మార్చడం. ఒక్కో మెట్టు దాటడానికి తేదీ ఒక్కటే ఆధారం కాదు, కొలత కూడా కావాలి. ఏ వ్యాయామం ఎప్పుడు పెంచాలో, వాపు వస్తే ఎంత తగ్గించాలో చూసి చెప్పే మనిషి ఉండాలి. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టే ఒక వ్యాయామాల కాగితం ఆ మనిషికి ప్రత్యామ్నాయం కాలేదు.

తారల మోకాళ్లు చెప్పిన పాఠం

క్రికెటర్ రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న రూర్కీ సమీపంలో కారు ప్రమాదానికి గురయ్యాడు. కుడి మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయి. ముంబైలో శస్త్రచికిత్స, బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీలో సుదీర్ఘ శిక్షణ తర్వాత 2024 మార్చి 12న బీసీసీఐ అతణ్ని ఆటకు సిద్ధమని ప్రకటించింది. మధ్యలో గడిచిన కాలం 14 నెలలు. ఆ ఏడాది జూన్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో అతడు ఉన్నాడు. సెప్టెంబరులో చెన్నైలో బంగ్లాదేశ్‌పై టెస్టు శతకం చేశాడు.

రవీంద్ర జడేజాకు 2022 సెప్టెంబరులో మోకాలి శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్నాక నేరుగా అంతర్జాతీయ మ్యాచ్‌కు పంపకుండా ముందు 2023 జనవరిలో రంజీ మ్యాచ్ ఆడించారు. ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియాపై ఐదు వికెట్లు తీసి, 70 పరుగులు చేసి అతడు మ్యాచ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఒత్తిడిని అంచెలంచెలుగా పెంచడమనే పునరావాస సూత్రానికి ఇది చక్కని నిదర్శనం. విశాఖపట్నానికి చెందిన ఆల్‌రౌండర్ నితీశ్ కుమార్ రెడ్డి కూడా 2025 జులైలో ఎడమ మోకాలి గాయంతో ఇంగ్లండ్ పర్యటన మధ్యలోనే వైదొలగాల్సి వచ్చింది.

అందరికంటే కఠినమైన దారి రెజ్లర్ వినేశ్ ఫొగాట్‌ది. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మోకాలికి గాయమై ఆమె స్ట్రెచర్‌పై బయటికి వెళ్లారు. రెండేళ్లకు జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన తొలి భారత మహిళా రెజ్లర్‌ అయ్యారు. 2023 ఆగస్టులో ఏసీఎల్ తెగి మళ్లీ శస్త్రచికిత్స అవసరమైంది. ఏడాది తిరిగేలోపే పారిస్‌లో అప్పటి ఒలింపిక్ విజేత యుయి సుసాకిని ఓడించి ఫైనల్ చేరారు. బరువు 100 గ్రాములు ఎక్కువ ఉందని ఆ తర్వాత అనర్హురాలైనా, మోకాలు మాత్రం ఆమెకు ద్రోహం చేయలేదు.

వీరి పట్టుదల సామాన్యమైనది కాదు. అయితే పట్టుదల ఒక్కటే వీరిని నిలబెట్టలేదు. రోజూ వెంట ఉండే ఫిజియోథెరపిస్టు, వ్యాయామశాల, తగిన పోషకాహారం, బలాన్ని కొలిచే యంత్రాలు వీరికి అందుబాటులో ఉన్నాయి. ఆట ఆడని నెలల్లోనూ ఇల్లు గడిచే ఏర్పాటు ఉంది. వీటిలో యంత్రాలను మినహాయిస్తే మిగిలినవేవీ సామాన్యుడికి సమకూర్చలేనంత ఖరీదైనవి కావు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

తొందరపాటు ఎంత చేటో చెప్పే అధ్యయనం 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వెలువడింది. ఏసీఎల్ శస్త్రచికిత్స చేయించుకున్న 106 మందిని రెండేళ్లపాటు పరిశీలించారు. ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిది నెలల వరకు వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. బలం, గెంతు పరీక్షల్లో నెగ్గకుండానే తిరిగి వెళ్లినవారిలో 38.2 శాతం మంది మళ్లీ గాయపడ్డారు. నెగ్గినవారిలో ఆ సంఖ్య 5.6 శాతం మాత్రమే. అంటే శస్త్రచికిత్స ఎంత చక్కగా జరిగినా, తర్వాతి శిక్షణ కొరవడితే దానికి పెట్టిన ఖర్చు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

అసలు ఏసీఎల్ తెగిన ప్రతి ఒక్కరికీ శస్త్రచికిత్స అవసరమా అన్నది మరో ప్రశ్న. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో 121 మంది యువతీయువకులను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి వెంటనే శస్త్రచికిత్సతో పాటు ఫిజియోథెరపీ, మరో బృందానికి ముందు ఫిజియోథెరపీ, అవసరమైతేనే శస్త్రచికిత్స. రెండేళ్ల తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో బృందంలో సగానికి పైగా అప్పటికి శస్త్రచికిత్స లేకుండానే నెట్టుకొచ్చారు. దీనికి మరో పార్శ్వమూ ఉంది. గాయమై చాలాకాలం గడిచి, మోకాలు పదేపదే పట్టు తప్పుతున్నవారిలో శస్త్రచికిత్సే మెరుగైన ఫలితమిచ్చిందని బ్రిటన్‌లో 316 మందిపై జరిపిన అధ్యయనం 2022లో లాన్సెట్‌లో తేల్చింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే దారి స్పష్టమవుతుంది. కొత్తగా గాయపడిన చాలామందికి నాణ్యమైన ఫిజియోథెరపీతో మొదలుపెట్టడం సహేతుకం. అది చాలనివారికి శస్త్రచికిత్స, ఆ తర్వాత మళ్లీ ఫిజియోథెరపీ. ఏ దారిలో వెళ్లినా ఫిజియోథెరపీ తప్పదు. ప్రభుత్వ సొమ్ము చేరనిది మాత్రం సరిగ్గా అక్కడికే.

పథకాల రూపంలోనే లోపం

2018 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో అంతకు పదకొండేళ్ల ముందే ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పుల పాలు చేసే ఆస్పత్రి బిల్లుల నుంచి లక్షలాది కుటుంబాలను ఈ పథకాలు ఆదుకున్నాయి. అయితే వీటి పునాది ఆస్పత్రి పడక. రోగి పడకపై ఉన్నంతవరకే ప్యాకేజీ. వారానికి రెండు, మూడు సార్లు వచ్చి గంటసేపు వ్యాయామం చేసి వెళ్లే అవుట్‌పేషెంట్ ఈ చట్రంలో ఇమడడు.

దీని పర్యవసానాలు రెండు. మొదటిది, నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ ఖర్చు రోగి జేబు నుంచే పోతుంది. కూలి మీద బతికేవారికి చికిత్స రుసుముతో పాటు ఆ పూట కూలి, బస్సు ఛార్జీ కూడా నష్టమే. కొన్ని వారాలకే రావడం మానేసేవారు ఎక్కువ కావడానికి కారణం అశ్రద్ధ ఒక్కటే కాదు. రెండోది మరింత సూక్ష్మమైనది. శస్త్రచికిత్సకు సొమ్ము వచ్చి, శస్త్రచికిత్స లేని చికిత్సకు రాకపోతే, వైద్యుడూ రోగీ ఇద్దరూ కోతవైపే మొగ్గుతారు. వ్యాయామంతో నయమయ్యే మోకాలు కూడా ఆపరేషన్ బల్ల ఎక్కే అవకాశం పెరుగుతుంది.

కోలుకునే కాలంలో ఇల్లు గడవడం మరో చిక్కు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికుడికి పని సంబంధిత గాయమైతే, పనికి తిరిగి వెళ్లగలిగే దాకా సగటు వేతనంలో 90 శాతం లభిస్తుంది. ఇతర అనారోగ్యానికి 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజులు. నెలకు రూ.21 వేల వేతన పరిమితి ఉన్న ఈ రక్షణ, దేశ శ్రామికుల్లో అత్యధికులైన అసంఘటిత రంగం వారికి అందదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదలుపెట్టిన ‘ఆరోగ్య ఆసరా’ ఆ దిశగా వేసిన అరుదైన అడుగు. శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225 చొప్పున, నెలకు రూ.5 వేలకు మించకుండా భృతి ఇవ్వడం దాని ఉద్దేశం. కోలుకోవడమూ చికిత్సలో భాగమేనని ఒక ప్రభుత్వ పథకం గుర్తించడం అందులోని విశేషం.

బిరుదుపై వివాదం.. సేవలపై మౌనం

ఫిజియోథెరపీ వృత్తికి దేశవ్యాప్త నియంత్రణ చట్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021 మార్చిలో ఆమోదం పొందింది. ఆ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళిక విడుదల చేస్తూ, ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు ‘డాక్టర్’ అని, చివర ‘పీటీ’ అని రాసుకోవచ్చని పేర్కొంది. దానిపై వైద్య సంఘాలు భగ్గుమన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ అలా రాసుకోరాదని లేఖ రాసి, మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది.

బిరుదు ఎవరిదన్న చర్చకు తనదైన ప్రాధాన్యం ఉండవచ్చు. రోగి తప్పుదారి పట్టకూడదన్న వైద్యుల వాదన, తమ వృత్తికి గౌరవం దక్కాలన్న ఫిజియోథెరపిస్టుల వాదన రెండూ కొట్టిపారేయదగినవి కావు. కానీ మండల కేంద్రంలో మోకాలు పట్టుకుని కూర్చున్న రోగికి కావలసిన జవాబు వేరు. దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు ఉన్నారా? ఉంటే వారానికి ఎన్ని రోజులు? ఎవరు సొమ్ము చెల్లిస్తారు? ఈ ప్రశ్నలపై అంతటి వేడి ఎన్నడూ పుట్టలేదు.

ఇది భారత్‌కే పరిమితమైన లోటు కాదు. ప్రపంచంలో 240 కోట్ల మందికి పునరావాస చికిత్సతో మేలు జరిగే ఆరోగ్య సమస్యలు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలా అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో ప్రతి 10 లక్షల జనాభాకు పదిమంది నిపుణులు కూడా లేరని అదే సంస్థ చెబుతోంది. ఆరోగ్య వ్యవస్థల్లో పునరావాస చికిత్సను బలోపేతం చేయాలంటూ 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసింది. తీర్మానాన్ని బడ్జెట్ పద్దుగా మార్చే బాధ్యత ఆయా ప్రభుత్వాలదే.

చేయదగినది ఏమిటి?

అవుట్‌పేషెంట్ చికిత్సకు సొమ్ము చెల్లిస్తే దొంగ బిల్లులు వెల్లువెత్తుతాయన్న భయం ప్రభుత్వ వర్గాల్లో ఉంది. అది నిరాధారం కాదు. ఆస్పత్రి పడకలపైనే లేని రోగులను చూపిన ఉదంతాలు ఆరోగ్య పథకాల తనిఖీల్లో బయటపడ్డాయి. అయితే మోకాలి విషయంలో ఫలితాన్ని కొలవడం తేలిక. కాలు ఎంత చాపగలుగుతున్నారో, ఎంత మడవగలుగుతున్నారో చిన్న కోణమానినితో తెలుస్తుంది. తొడ చుట్టుకొలతకు టేపు చాలు. ఒంటికాలిపై ఎంత దూరం గెంతగలుగుతున్నారో రెండు కాళ్లకూ కొలిచి పోల్చవచ్చు. గాయపడిన కాలు రెండో కాలిలో కనీసం 90 శాతం సామర్థ్యం చూపాలన్నది విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రమాణం.

కాబట్టి శస్త్రచికిత్స ప్యాకేజీలో కొంత భాగాన్ని విడిగా ఉంచి, ఆరు వారాలు, మూడు నెలలు, ఆరు నెలలు, తొమ్మిది నెలల మైలురాళ్ల వద్ద నమోదైన కొలతల ఆధారంగా చెల్లించే పద్ధతిని పరిశీలించవచ్చు. అప్పుడు రోగిని తిరిగి పిలిపించుకోవడం ఆస్పత్రికీ లాభమే అవుతుంది. శస్త్రచికిత్స లేని ఫిజియోథెరపీకి కూడా ఒక ప్యాకేజీ ఉంటే అనవసరపు కోతలు తగ్గి, పథకానికే సొమ్ము మిగలవచ్చు. ప్రతి సందర్శనకూ రోగి పట్టణానికి రానక్కర్లేదు. తొలి వారాల్లో నేరుగా, తర్వాత వీడియో కాల్ ద్వారా, మైలురాళ్ల వద్ద మళ్లీ నేరుగా చూసే విధానం దూర ప్రాంతాలకు నప్పుతుంది. ఈ-సంజీవని వంటి దూరవైద్య వేదిక దేశంలో ఇప్పటికే నడుస్తోంది.

నివారణ అన్నింటికంటే చవక. ఫిఫా రూపొందించిన ‘11+’ వంటి సన్నాహక వ్యాయామాలను క్రమం తప్పక చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గాయని పలు అధ్యయనాలు తేల్చాయి. దానికి పరికరాలు అక్కర్లేదు. సుమారు 20 నిమిషాలు చాలు. ఒకే క్రీడలో పురుషులతో పోలిస్తే అమ్మాయిలకు ఏసీఎల్ ముప్పు ఎక్కువ. పాఠశాలల కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్ జట్లలో బాలికల సంఖ్య పెరుగుతున్న వేళ, గెంతి మోకాళ్లు వంచి సరిగ్గా దిగడం నేర్పే బాధ్యత వ్యాయామ ఉపాధ్యాయులకు అప్పగించాలి.

ఆరోగ్య పథకాల విజయాన్ని ఇంతకాలం ఎన్ని శస్త్రచికిత్సలు చేశామన్న లెక్కతో చాటుకున్నారు. మోకాలి లిగమెంటు విషయంలో ఆ లెక్క సగం కథే చెబుతుంది. శస్త్రచికిత్స జరిగిన తొమ్మిదో నెలలో ఎంతమంది తమ పనికి, ఆటకు తిరిగి వెళ్లగలిగారన్నది రెండో సగం. ప్యాకేజీలను సవరించే ప్రతిసారీ ఆ రెండో అంకెను కూడా అడిగి తీసుకుంటే, చెల్లింపులు దానంతట అవే పడకను దాటి వ్యాయామశాల దాకా నడుస్తాయి.